బోర్డు వెలుగుతోంది, అందులోని సమాచారం ఎప్పటిది?

స్టేషన్లో ఎల్‌ఈడీ బోర్డు ఆరిపోతే ఆ సంగతి అందరికీ తెలుస్తుంది. ప్రయాణికుడు మైకు వింటాడు, ఎంక్వైరీ కిటికీ దగ్గరికి వెళతాడు, పక్కవాళ్లను అడుగుతాడు. బోర్డు వెలుగుతూనే పాత సంగతి చెబుతుంటే మాత్రం ఎవరికీ అనుమానం రాదు. పది నిమిషాల కిందటే మారిపోయిన ప్లాట్‌ఫామ్ నంబరును అది అదే ధీమాతో చూపిస్తుంది. దాన్ని నమ్మిన జనం సామాన్లతో ఫుట్‌ఓవర్ బ్రిడ్జి ఎక్కి దిగుతారు. మన రైల్వే స్టేషన్లలో డిస్‌ప్లేల గురించి మాట వస్తే స్క్రీన్ సైజు, రంగులు, కొత్త టీవీల దగ్గరే ఆగిపోతుంది. బోర్డు మీది ఒక్కో వరుసను ఎవరు ఎక్కించారు, ఎప్పుడు ఎక్కించారు, ఎక్కడి నుంచి తెచ్చారు అన్నవాటిని బట్టే దాని విలువ ఉంటుంది. ఆ మూడూ బోర్డు మీద కనిపించవు.

ఒక వరుస వెనక ఉన్న దారి

ఈ ఏర్పాటును రైల్వేలో ఐపీఐఎస్ అంటారు, ఇంటిగ్రేటెడ్ ప్యాసింజర్ ఇన్ఫర్మేషన్ సిస్టమ్. స్టేషన్లోని అనౌన్స్‌మెంట్ గదిలోనో, స్టేషన్ మాస్టర్ ఆఫీసులోనో ఉండే ఒక కంప్యూటర్ దీనికి కేంద్రం. అక్కడి నుంచి సందేశం ప్రధాన హబ్‌కు, అంటే సందేశాలను పంచే పెట్టెకు, అందులోంచి ఒక్కో ప్లాట్‌ఫామ్ హబ్‌కు, చివరికి బోర్డులకు చేరుతుంది. బోర్డులు నాలుగు రకాలు. ప్రవేశ ద్వారం దగ్గర నాలుగైదు రైళ్లను వరుసగా చూపించే మల్టీలైన్ బోర్డు, ప్లాట్‌ఫామ్ మీద ఒకే రైలును చూపించే సింగిల్ లైన్ బోర్డు, మొత్తం కోచ్‌ల వరుసను ఒకేచోట చూపించే ఎట్‌-ఎ-గ్లాన్స్ బోర్డు, ఒక్కో కోచ్ ఆగే చోట వేలాడే చిన్న కోచ్ గైడెన్స్ బోర్డు.

రైలు నంబరు, మూడు భాషల్లో పేరు, టైమ్‌టేబుల్ వేళలు, నడిచే రోజులు, మామూలుగా వచ్చే ప్లాట్‌ఫామ్, కోచ్‌ల క్రమం ముందే కంప్యూటర్లో నింపి ఉంటాయి. ఆపరేటర్ రైలును ఎంచుకుని, ఆలస్యం నిమిషాలు సరిచేసి, ప్లాట్‌ఫామ్ చూసి, స్థితి ఎంపిక చేస్తాడు. స్థితులు ఒక జాబితాలో ఉంటాయి. సరైన సమయానికి నడుస్తోంది, కాసేపట్లో రానుంది, వస్తోంది, వచ్చింది, ఆలస్యం, నిరవధిక ఆలస్యం, రద్దు, ప్లాట్‌ఫామ్ మార్పు, దారి మళ్లింపు, బయలుదేరడానికి సిద్ధం, ఇలా. మైకులో వినిపించే ముక్కలు ముక్కలుగా అతికించిన ప్రకటన కూడా ఆ ఎంట్రీ నుంచే పుడుతుంది. బోర్డూ మైకూ రెండు వేర్వేరు సాక్ష్యాలనుకోవడం అందుకే పొరపాటు. రెండిటికీ మూలం ఒకటే కాబట్టి ఎంట్రీ తప్పైతే రెండూ కలిసే తప్పు చెబుతాయి.

ఆ రెండూ వేరువేరుగా చెప్పే సందర్భం ఒకటుంది. రైలు అవుటర్ సిగ్నల్ దాటాక ప్లాట్‌ఫామ్ మారితే, కంప్యూటర్లో ఎంట్రీ సరిచేసేంత తీరిక లేక సిబ్బంది నేరుగా మైకు పట్టుకుని చెబుతారు. రికార్డు చేసిన స్వరం కాకుండా మనిషి గొంతు, కాస్త హడావుడిగా వినిపిస్తే అది బోర్డు కన్నా తాజా కబురు. అలాంటప్పుడు బోర్డును వదిలి మైకును నమ్మాలి.

వేళ ఒకచోటి నుంచి, ప్లాట్‌ఫామ్ ఇంకోచోటి నుంచి

బోర్డులోని గడులన్నీ ఒకే నమ్మకానికి తగినవి కావు. రైలు ఎంత ఆలస్యం అన్నది బయటి నుంచి వచ్చే సమాచారం. రైలు ఒక స్టేషన్ దాటగానే అక్కడి స్టేషన్ మాస్టర్ ఆ వేళను, ఆ మార్గంలో రైళ్ల నడకను చూసే సెక్షన్ కంట్రోలర్‌కు చెబుతాడు. అది కంట్రోల్ ఆఫీస్ అప్లికేషన్‌లోకి, అక్కడి నుంచి రైల్వే సమాచార వ్యవస్థల కేంద్రం, అంటే క్రిస్, నడిపే రైళ్ల ఎంక్వైరీ వ్యవస్థ ఎన్‌టీఈఎస్‌లోకి వెళుతుంది. మొబైల్ యాప్ చూపించే సమయం కూడా ఇక్కడిదే. ఇస్రోతో కలిసి రూపొందించిన, ఉపగ్రహాల సాయంతో రైలు స్థానం చెప్పే ఆర్‌టీఐఎస్ పరికరం ఉన్న ఇంజిన్లయితే స్టేషన్ దాటిన వేళను కంట్రోలర్ చేత్తో ఎక్కించనక్కర్లేదు. రెండు స్టేషన్ల మధ్య కూడా 30 సెకన్లకొకసారి స్థానం అందుతుంది. పరికరం లేని ఇంజిన్ అయితే చివరిసారి తెలిసిన స్టేషన్ నుంచి అంచనా కట్టడమే.

ఆ అంచనాలో టైమ్‌టేబుల్ పెట్టే ఒక తిరకాసు ఉంది. ఆలస్యాన్ని సర్దుకోవడానికి ప్రయాణంలో కొన్నిచోట్ల, ముఖ్యంగా గమ్యస్థానానికి ముందు, అదనపు నిమిషాలు కలిపి ఉంటాయి. దాంతో ముప్పై నిమిషాల ఆలస్యంతో నడుస్తున్న రైలు చివరి స్టేషన్‌కు వేళకే చేరవచ్చు. మధ్యలోని చిన్న స్టేషన్‌కు ఆ అదృష్టం లేదు. 'ముందు స్టేషన్లో ఎంత ఆలస్యమో ఇక్కడా అంతే' అన్న లెక్క టెర్మినల్ దగ్గర తప్పుతుంది, దారిలో చాలావరకు సరిపోతుంది.

ప్లాట్‌ఫామ్ నంబరు కథ వేరు. అది ఆ స్టేషన్లోనే, ఆఖరి నిమిషాల్లో తేలే విషయం. పక్కనుండే లూప్ లైన్లో గూడ్స్ నిలిచి ఉండటం, వెనక వచ్చే సూపర్‌ఫాస్ట్‌కు దారి ఇవ్వాల్సి రావడం, రైలును ఒక లైను నుంచి ఇంకో లైనుకు మళ్లించే పాయింటు మొరాయించడం, రైలు పొడవుకు ప్లాట్‌ఫామ్ చాలకపోవడం, వీటిలో ఏదొచ్చినా అలవాటైన ప్లాట్‌ఫామ్ మారిపోతుంది. సిగ్నళ్లను నడిపే ప్యానెల్ మీద రూట్ సెట్ చేసి, అంటే రైలు ఏ లైనులోకి రావాలో ఖాయం చేసి, స్టేషన్లోకి రానిచ్చే హోమ్ సిగ్నల్ ఇచ్చేదాకా స్టేషన్ మాస్టర్ మనసులోనూ అది ఖాయం కాదు. బోర్డు మీద మాత్రం అరగంట ముందు నుంచే టైమ్‌టేబుల్ నుంచి తెచ్చిన నంబరు వెలుగుతుంటుంది. రూట్ సెట్ అయ్యాక రైలు రావడానికి మిగిలేవి కొద్ది నిమిషాలు. చిన్న స్టేషన్లో ప్యానెల్ చూసేవాడు, కంట్రోల్ ఫోన్ ఎత్తేవాడు, బోర్డు మార్చేవాడు ఒక్కరే. రైలు భద్రతకూ బోర్డుకూ మధ్య ఎంచుకోవాల్సి వస్తే ఆయన దేన్ని ముందు చూడాలో వేరే చెప్పక్కర్లేదు. దీన్ని నిర్లక్ష్యం అనడం కన్నా ఒకే మనిషి మీద మూడు పనులు మోపిన ఏర్పాటు లోపం అనాలి.

ముంబై సబర్బన్‌లో ఈ చిక్కు తక్కువ. అక్కడి ట్రైన్ మేనేజ్‌మెంట్ సిస్టమ్ సిగ్నళ్ల నుంచి, పట్టాల మీద రైలు ఉందో లేదో పసిగట్టే ట్రాక్ సర్క్యూట్ల నుంచి రైలు స్థానాన్ని తీసుకుని ఇండికేటర్లను తానే నడుపుతుంది. మన ప్రాంతంలోని మామూలు స్టేషన్లకు అంత పెద్ద వ్యవస్థ రాకపోయినా సగం మేలు తక్కువలో పొందవచ్చు. సిగ్నళ్లనూ పాయింట్లనూ కంప్యూటర్ ద్వారా నడిపే ఎలక్ట్రానిక్ ఇంటర్‌లాకింగ్ ఉన్న స్టేషన్లో ఏ లైనుకు రూట్ సెట్ అయిందో, వాటి కదలికలను రాసి ఉంచే డేటా లాగర్ పరికరంలో నమోదవుతుంది. ఆ సమాచారాన్ని బోర్డు కంప్యూటర్‌కు ఒకవైపు మాత్రమే పంపి, ఎంట్రీలోని ప్లాట్‌ఫామ్‌తో సరిపోలకపోతే ఆపరేటర్ ముందు అలారం మోగించాలి. బోర్డును దానంతటదే మార్చేయనివ్వకూడదు, ఎందుకంటే రూట్ సెట్ అయింది ఏ రైలుకో లాగర్‌కు తెలియదు. మనిషి దృష్టిని అటు తిప్పితే చాలు.

పేరు చూసి పరిగెత్తితే

రైలు నంబర్లు 2010 డిసెంబర్ 20 నుంచి ఐదంకెలయ్యాయి. మొదటి అంకె రకాన్ని చెబుతుంది. 1, 2 దూరప్రాంత రైళ్లు, 0 ప్రత్యేక రైళ్లు, 5 ప్యాసింజర్లు, 6 మెము, 7 డెము. హైదరాబాద్ ఎంఎంటీఎస్‌వి 4తో మొదలవుతాయి. బోర్డు మీద ప్రయాణికుడి కన్ను ముందు పేరు మీద పడుతుంది, నంబరు మీద కాదు. విశాఖపట్నం నుంచి హైదరాబాద్ వెళ్లేది 12727, హైదరాబాద్ నుంచి విశాఖ వచ్చేది 12728, రెండూ గోదావరి ఎక్స్‌ప్రెస్సే. ఒక అంకె తేడాతో ప్రయాణం ఎదురు దిక్కుకు తిరుగుతుంది. 2025 ఫిబ్రవరి 15న న్యూఢిల్లీ స్టేషన్ తొక్కిసలాటలో 18 మంది చనిపోయినప్పుడు ప్రయాగ్‌రాజ్ ఎక్స్‌ప్రెస్, ప్రయాగ్‌రాజ్ స్పెషల్ అన్న దగ్గరి పేర్లు జనాన్ని గందరగోళపెట్టాయని ఢిల్లీ పోలీసులు చెప్పారు. ప్రయాణికుడి తల మీది మూట పడటంతో తొక్కిసలాట మొదలైందని రైల్వే మంత్రి పార్లమెంటుకు చెప్పారు. కారణం మీద ఏకాభిప్రాయం లేకపోయినా, రద్దీలో ఒకే ఊరి పేరున్న రెండు రైళ్లను పేరుతో మాత్రమే ప్రకటించడం ప్రమాదకరమన్నది వాదనకు నిలిచే మాటే.

నంబరు కూడా ఒక్కోసారి చాలదు. రోజూ నడిచే రైలు 24 గంటలకు దగ్గరగా ఆలస్యమైతే నిన్నటి రైలూ ఇవాళ్టి రైలూ ఒకే నంబరుతో బోర్డు మీదికొస్తాయి. ఎన్‌టీఈఎస్ దీన్ని బయలుదేరిన తేదీతో వేరు చేస్తుంది. స్టేషన్ బోర్డులో ఆ తేదీకి చోటే లేదు. అర్ధరాత్రి దాటాక 00:15కు వచ్చే రైలు ఏ తేదీదన్న తికమకా ఇలాంటిదే.

కోచ్ బోర్డు ఎందుకు జరిగిపోతుంది

అన్నిటికన్నా ఎక్కువ ఫిర్యాదులకు తావిచ్చేది కోచ్ గైడెన్స్ బోర్డు. బి2 అని వెలుగుతున్న చోట నిలబడితే ముందుకు ఎస్4 వచ్చి ఆగుతుంది. రైలు రెండే నిమిషాలు ఆగే స్టేషన్లో ఇది చిన్న సంగతి కాదు. దీనికి మూడు కారణాలు వేర్వేరుగా పనిచేస్తాయి, ఒక్కోసారి కలిసి వస్తాయి.

మొదటిది కొలత. పాత ఐసీఎఫ్ రకం కోచ్ బఫర్ నుంచి బఫర్‌కు దాదాపు 22.3 మీటర్లు. కొత్త ఎల్‌హెచ్‌బీ రకం కోచ్ 24 మీటర్లు. తేడా ఒక్కో కోచ్‌కు 1.7 మీటర్లే, కానీ పేరుకుంటూ పోతుంది. ఐసీఎఫ్ కొలతకు బోర్డులు వేలాడదీసిన ప్లాట్‌ఫామ్ మీద ఎల్‌హెచ్‌బీ రైలు ఆగితే, ఇంజిన్ వైపు మొదటి కోచ్ సరిగ్గా కుదిరినా పద్నాలుగో కోచ్ దగ్గరికి వచ్చేసరికి తేడా 22 మీటర్లు, అంటే ఒక కోచ్ పొడవంత. 24 ఐసీఎఫ్ కోచ్‌లు పట్టే పొడవులో 22 ఎల్‌హెచ్‌బీ కోచ్‌లే పడతాయన్నది ఇదే లెక్క. 2018 ఏప్రిల్ నుంచి రైల్వే కర్మాగారాలు ఎల్‌హెచ్‌బీ కోచ్‌లే తయారు చేస్తున్నాయి, పాతవి ఇంకా పట్టాల మీద ఉన్నాయి. ఒకే ప్లాట్‌ఫామ్‌కు రెండు రకాలూ వస్తాయి కాబట్టి బోర్డులను జరిపినా లాభం లేదు. సాఫ్ట్‌వేర్‌లో 'ఎన్నో బోర్డుకు ఎన్నో కోచ్' అన్న లెక్క తీసేసి, ఇంజిన్ ఆగే గుర్తు నుంచి ఒక్కో బోర్డు ఎన్ని మీటర్ల దూరంలో ఉందో ఒకసారి టేపుతో కొలిచి నింపాలి. రైలు ఏ రకమో తెలిస్తే ఏ కోచ్ మధ్యభాగం ఏ బోర్డుకు దగ్గరో కంప్యూటరే తేలుస్తుంది. ఒక ప్లాట్‌ఫామ్‌కు ఇది ఒక పూట పని.

రెండోది కోచ్‌ల క్రమం. అదనపు కోచ్ కలిపినా, ఏసీ కోచ్ చెడిపోయి వేరొకటి వేసినా ముందే నింపిన వరుస చెల్లదు. ఇంతకన్నా తమాషా అయినది తిరగబడటం. చెన్నై, హౌరా మార్గంలో వెళుతూ విశాఖపట్నం లోపలికి వచ్చే రైలుకు అక్కడ ఇంజిన్ రెండో కొనకు మారుతుంది. విజయవాడ వైపు ఇంజిన్ వెనక మొదట ఉన్న కోచ్ విజయనగరం చేరేసరికి చివరిదవుతుంది. పై స్టేషన్ల డేటాలో ఆ తిరుగుడు ముందే రాసి ఉంటుంది. ఏదైనా కారణంతో ఆ రైలును విశాఖకు రానివ్వకుండా దువ్వాడ నుంచి బైపాస్‌లో మళ్లిస్తే ఇంజిన్ మారదు, వరుస తిరగబడదు. ఆ రోజు పై స్టేషన్లలోని కోచ్ బోర్డులన్నీ అద్దంలో చూసినట్టు తలకిందులే. దారి మళ్లింపు సమాచారం అందిన ఆపరేటర్ వేళతో పాటు కోచ్ వరుసను కూడా తిప్పాలన్నది గుర్తు పెట్టుకోవాల్సిన పని.

మూడోది చిరునామా. ప్రతి కోచ్ బోర్డుకూ ఒక నంబరు ఉంటుంది, హబ్ ఆ నంబరుకే సందేశం పంపుతుంది. చెడిన బోర్డు తీసి కొత్తది బిగించినప్పుడు పాతదాని నంబరు పెట్టకపోతే కొత్త బోర్డు ఖాళీగానైనా ఉంటుంది, పక్క బోర్డు కోచ్‌నైనా చూపిస్తుంది. వరుసలో ఒక్క బోర్డే తప్పుగా ఉండి అటూ ఇటూ సరిగ్గా ఉంటే ముందు అనుమానించాల్సింది దీన్నే.

పదహారు చుక్కల ఎత్తులో తెలుగు

పాత ఎల్‌ఈడీ బోర్డుల్లో ఒక వరుస ఎత్తు 16 చుక్కలు. ఇంగ్లిష్ పెద్దక్షరాలకు అది ధారాళం. తెలుగుకు ఇరుకు. పైన గుడి, నడుమ అక్షరం, కింద వత్తు అన్నీ ఆ పదహారులోనే సర్దాలి. 'శ్రీకాకుళం'లో మొదటి అక్షరానికే మూడంతస్తులూ కావాలి. దాంతో అసలు అక్షరానికి ఏడెనిమిది చుక్కలు మిగులుతాయి, దూరం నుంచి ప, వ, న ఒకేలా కనిపిస్తాయి. అక్షరం ఎత్తుకు సుమారు 250 రెట్ల దూరం వరకు చదవగలమన్నది సైన్‌బోర్డుల రంగంలో వాడే ఉజ్జాయింపు. వరుస ఎత్తు 125 మిల్లీమీటర్లైతే ఇంగ్లిష్‌కు 31 మీటర్లు వస్తుంది. తెలుగు అక్షరం ఆ ఎత్తులో సగమే కాబట్టి దూరమూ దాదాపు సగానికి పడిపోతుంది.

'ఎక్స్‌ప్రెస్' అన్న మాటను టైపు చేసేటప్పుడు స్ తర్వాత విడగొట్టే గుర్తు వేయకపోతే ఒత్తులన్నీ ఒకదాని కింద ఒకటి పేరుకుని ముద్దవుతాయి. ప్రతి రెండో రైలు పేరులో ఉండే మాట ఇది. పేర్లను ఒకసారి జాగ్రత్తగా సరిచేసి నింపితే, లేదా తెలుగు పేజీలో ఆ మాటనే వదిలేస్తే పోయేదేమీ లేదు, నంబరు చెప్పేది చెబుతూనే ఉంటుంది.

భాషలు మార్చే పద్ధతిలో మరో వృథా జరుగుతుంది. ఐదు వరుసల బోర్డులో 15 రైళ్లు పెడితే మూడు పేజీలు. తెలుగు, హిందీ, ఇంగ్లిష్ కలిపి తొమ్మిది. పేజీకి 8 సెకన్ల చొప్పున చుట్టు తిరగడానికి 72 సెకన్లు పడుతుంది. తెలుగు మాత్రమే చదివే మనిషి తన రైలును ఆ 72లో 8 సెకన్లు చూస్తాడు. రెండు మార్పులతో ఇది తీరుతుంది. వచ్చే గంటలోని రైళ్లనే పెట్టి ఒకే పేజీకి కుదించాలి, నంబరు, వేళ, ప్లాట్‌ఫామ్ గడులను కదలనివ్వకుండా పేరు గడిలోనే భాష మార్చాలి. అంకెలు మూడు భాషల వాళ్లకూ ఒకటే.

తీగలు, కరెంటు

తప్పు ఎక్కడుందో పట్టడానికి ఎంత మేర పాడైందన్నదే మంచి ఆనవాలు. ఒక్క బోర్డే చీకటైతే ముందు చూడాల్సింది ఎంసీబీ స్విచ్చి, తర్వాత లోపలి 5 వోల్టుల పవర్ సప్లయ్. ఎండకు మగ్గే డబ్బాలో కెపాసిటర్లు ఎండిపోతాయి, బోర్డు ఆరే ముందు కొన్నాళ్లు మసకబారుతుంది. అడ్డంగా ఒక గీత మొత్తం వెలగకపోతే ఆ వరుస డ్రైవర్. ఒకచోటి నుంచి కుడివైపంతా పిచ్చి గీతలైతే అక్కడి మాడ్యూల్, లేదా మాడ్యూళ్లను కలిపే రిబ్బన్ కేబుల్. బోర్డులన్నీ వెలుగుతూ ఒక ప్లాట్‌ఫామ్‌లోనే పాత సమాచారం ఉంటే ఆ ప్లాట్‌ఫామ్ హబ్. స్టేషన్ మొత్తం అలా ఉంటే ప్రధాన హబ్, లేదా కంప్యూటర్.

పాత స్టేషన్లలో హబ్ నుంచి బోర్డులకు ఆర్‌ఎస్-485 అనే పద్ధతిలో సందేశాలు మోసే జత తీగలు వెళతాయి. వాటి హద్దు 1,200 మీటర్లు, రెండు కొసల్లోనూ 120 ఓమ్‌ల రెసిస్టర్ ఉండాలి. బోర్డులు జతచేస్తూ పోయి కొసలో రెసిస్టర్‌ను మర్చిపోతే చివరి రెండు మూడు బోర్డులు ఒకసారి పలుకుతాయి, ఒకసారి పలకవు. తీగ తెగిందని కేబుల్ మార్చినా రోగం పోదు. తల మీద 25 కిలోవోల్టుల విద్యుత్ తీగ ఉన్న చోట షీల్డ్ లేని కేబుల్ వేసినా ఇదే గతి. దూరం ఎక్కువైన చోట హబ్‌ల మధ్య ఆప్టికల్ ఫైబర్ వేయడం అందుకే మేలు.

ఇక మొదట చెప్పుకున్న అసలు జబ్బు. సందేశం రావడం ఆగిపోయిన బోర్డు, చివరగా అందినదాన్ని పట్టుకుని కూర్చుంటుంది. హబ్ నుంచి ఐదు నిమిషాలు ఏమీ రాకపోతే ప్లాట్‌ఫామ్ గడిని ఖాళీ చేసి, పది నిమిషాలు దాటితే మిగతాదంతా చెరిపేసి 'ప్రకటన వినండి' అని మాత్రం చూపించేలా పెట్టాలి. మార్పు లేకపోయినా కంప్యూటర్ నిమిషానికోసారి హాజరు సంకేతం పంపితే ఇది సాధ్యం. ఖాళీ బోర్డులు పెరిగితే పై అధికారుల తనిఖీలో లెక్క చెడుతుందన్న భయం దీనికి అడ్డు. కొలిచేది వెలుగుతున్న బోర్డుల సంఖ్యే అయినంతకాలం ఆ భయం పోదు. బోర్డులో చూపిన ప్లాట్‌ఫామ్‌కూ రైలు నిజంగా వచ్చిన ప్లాట్‌ఫామ్‌కూ ఎన్నిసార్లు పొత్తు కుదిరిందో కొలవాలి. రెండు సంఖ్యలూ స్టేషన్లోనే, ఒకటి బోర్డు కంప్యూటర్లో, ఇంకొకటి డేటా లాగర్లో ఉన్నాయి.

ఫిర్యాదులు దారి తప్పడానికీ ఇలాంటి కారణమే ఉంది. బోర్డు సామగ్రిని చూసేది సిగ్నల్ అండ్ టెలికాం విభాగం. సమాచారం ఎక్కించేది స్టేషన్ మాస్టర్, లేదా అనౌన్స్‌మెంట్ సిబ్బంది. 'బోర్డు తప్పు చూపించింది' అని రాస్తే టెలికాం మనిషి వచ్చి చూసి, బోర్డు బాగానే వెలుగుతోందని ముగించేస్తాడు, అది అబద్ధమూ కాదు. రైల్వే హెల్ప్‌లైన్ 139కి ఫోన్ చేసినా, రైల్వే ఫిర్యాదుల వేదిక రైల్ మదద్‌లో రాసినా రైలు నంబరు, బయలుదేరిన తేదీ, ప్లాట్‌ఫామ్, బోర్డు ఉన్న చోటు, గంటా నిమిషం, ఆ సమయంలో మైకు ఏం చెప్పిందన్నది కలిపి రాయాలి. మైకూ బోర్డూ రెండూ తప్పయితే ఎంట్రీ లోపం, మైకు ఒప్పై బోర్డు తప్పయితే ఎంట్రీ మార్చలేదనో లైను తెగిందనో అర్థం. పక్క బోర్డులు కూడా అదే చూపిస్తున్నాయా అన్నది ఒక్క ముక్క రాస్తే ఆ రెండిట్లో ఏదో తేలిపోతుంది. ఎల్‌ఈడీ వరుసలు విడతలవారీగా వెలుగుతాయి కాబట్టి ఫోన్‌తో తీసిన ఫొటోలో సగం అక్షరాలు మాయమవుతాయి. ఐదు సెకన్ల వీడియో తీస్తే మొత్తం కనిపిస్తుంది.